గోడ మీద పెన్సిల్ పేర్లు

మరుగుదొడ్డి గోడ మీద ఎవరైనా పేర్లు గీకితే ఏం చేస్తాం? నాలుగు తిట్టి, సున్నం కొట్టిస్తాం. ఇంగ్లండుకు నైరుతి మూలనున్న కార్న్‌వాల్‌లో మాత్రం అలాంటి గోడనొకదాన్ని కంటికి రెప్పలా కాపాడుకుంటున్నారు. పెన్సిల్‌తో రాసిన ఆ పేర్ల దగ్గరున్న తేదీ 1914 ఆగస్టు. బ్రిటన్ మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన నెల అది. పేర్లు రాసినవాళ్లు హెలిగన్ ఎస్టేటు తోటమాలులు. ఆ మరుగుదొడ్డి కూడా వాళ్లదే.

హెలిగన్ తరతరాలుగా ట్రెమేన్ కుటుంబానిది. మన జమీందారీల్లో దివాణం చుట్టూ తోటలు ఉన్నట్టే అక్కడా పెద్ద బంగళా, దాని చుట్టూ పూలతోట, కూరగాయల మడులు, పుచ్చపాదులు, తేనెటీగల కోసం గోడలో కట్టిన గూళ్లు, ఇటలీ పద్ధతిలో ఓ చిన్న తోట. యుద్ధానికి ముందు వీటన్నిటినీ చూసుకోవడానికి 22 మంది మాలులు ఉండేవారు.

అంతమంది ఎందుకంటారా? ఒక్క అనాసపండు సంగతి చూస్తే చాలు. మన దగ్గర చింతపల్లి కొండల్లో ఎండకీ వానకీ దానంతటదే కాసే పంట, అక్కడి చలికి బతకదు. అందుకని నేలలో గొయ్యిలా కట్టి, పైన గాజు తలుపులు బిగించి, రెండు పక్కలా కందకాల్లో పచ్చి గుర్రపు లద్దె నింపేవారు. పెంటకుప్పలో చెయ్యి పెడితే ఎంత వేడిగా ఉంటుందో పల్లెల్లో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ వేడే మొక్కకు ప్రాణం. లద్దె చల్లారితే తీసి కొత్తది నింపాలి. ఎండ ఎక్కువైతే గాజు తలుపు ఎత్తాలి, రాత్రి దించాలి. ఇలా రెండేళ్లు పడిగాపులు కాస్తే ఒక పండు!

ఈ పని ఏ పుస్తకం చదివినా రాదు. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు తోటలో చేరి, కుండీలు కడగడంతో మొదలుపెట్టి, పెద్దమాలి వెనక తిరుగుతూ నేర్చుకునేవారు. ఏ లద్దె ఎప్పుడు మార్చాలో, ఏ తీగను ఎక్కడ కత్తిరించాలో ఆ చేతి నుంచి ఈ చేతికి రావాల్సిందే.

యుద్ధం వచ్చి ఆ చేతుల్నే పట్టుకుపోయింది. మొదట ఉత్సాహంగా వెళ్లినవాళ్లు వెళ్లారు. 1916లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది. మొదట పెళ్లికానివాళ్లు, కొన్ని నెలలకే పెళ్లయినవాళ్లు కూడా వెళ్లక తప్పలేదు. ఆ ఏడాదికి హెలిగన్‌లో మిగిలిన మాలులు 8 మంది. ఇరవై ఇద్దరి పని ఎనిమిది మందితో ఎలా చేయించాలి? ఆస్పత్రుల్లో నర్సులు తగ్గితే, బడుల్లో టీచర్లు తగ్గితే కొందరి మీదే భారం పడటం మనకు తెలిసిందే. కాకపోతే మొక్కలకు సెలవు ఇవ్వడం కుదరదు. కత్తిరించని కంచె ఒక్క ఏడాదిలో అడవవుతుంది, కలుపు విత్తనం రాలిందంటే ఏళ్ల తరబడి వదలదు. పైగా జర్మన్ జలాంతర్గాములు ఓడల్ని ముంచుతుండటంతో దేశంలో తిండికి కటకట. అలాంటప్పుడు పూలకన్నా బంగాళాదుంపలే ముందు కదా! బంగళాలోనేమో గాయాల నుంచి కోలుకుంటున్న సైనికాధికారులు ఉండేవారు. కొన్నిచోట్ల ఆడవాళ్లు పారలు పట్టారు. లండన్‌లోని ప్రసిద్ధ క్యూ తోటలోనూ 1915 నుంచి మగవాళ్ల స్థానంలో మహిళలు పనిచేశారు.

యుద్ధం ఆగింది కానీ హెలిగన్ నుంచి వెళ్లినవాళ్లలో సగానికి పైగా తిరిగి రాలేదు. కొత్తగా చేరే పిల్లలకు నేర్పాల్సినవాళ్లే పోయారు. ఇటలీ అంటే ప్రాణం పెట్టే యజమాని జాక్ ట్రెమేన్ 1920ల్లో బంగళాను అద్దెకిచ్చి అక్కడికే వెళ్లిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అందులో అమెరికా సైన్యం దిగింది. 1970ల్లో తోటలు మినహా బంగళాను ఫ్లాట్లుగా మార్చి అమ్మేశారు. తోటనేమో ముళ్లపొదలు మింగేశాయి. గాజు పగిలింది, గోడలు కూలాయి.

1990లో ట్రెమేన్ వంశీకుడైన జాన్ విలిస్, తన మిత్రుడు టిమ్ స్మిట్‌కు ఆ అడవిని చూపించాడు. స్మిట్, జాన్ నెల్సన్ అనే మేస్త్రీతో కలిసి పొదలు నరుక్కుంటూ లోపలికి వెళ్లారు. గోడల మధ్య తోట మూలన ఓ చిన్న గది, అందులో ఈ సంతకాలు. దొరల తోటలు బ్రిటన్‌లో చాలానే ఉన్నాయి. వాటి చరిత్రల్లో నాటించినవాడి పేరుంటుంది తప్ప నాటినవాడి పేరు ఎక్కడో గానీ ఉండదు. వాళ్లిద్దరూ అప్పుడే అనుకున్నారట, ఈ తోటను దొరల కోసం కాదు, గోడ మీది మనుషుల కోసం తిరిగి లేపాలని. 2013లో బ్రిటన్ యుద్ధ మ్యూజియం ఆ చిన్న గదిని సజీవ స్మారకంగా గుర్తించింది.

అనాస గొయ్యినీ బాగుచేశారు. పాత పద్ధతిలోనే, గుర్రపు లద్దెతోనే. నేర్పేవాళ్లు లేరు కాబట్టి తప్పులు చేసుకుంటూ నేర్చుకున్నారు. 1997లో రెండో పండును ఎలిజబెత్ రాణి పెళ్లి స్వర్ణోత్సవానికి కానుకగా పంపారు. మొదటి పండు ఏమైందంటారా? లద్దె వాసన వస్తుందేమోనన్న అనుమానంతో మాలులే కోసుకుని తినేశారు!