మేడ్చల్ రైలుకు పదేళ్లు. శామీర్‌పేట వంతెనకు ఎన్నేళ్లు?

పనుల జాప్యానికి వడ్డీ కట్టేది ప్రజలే

మేడ్చల్: ఒక అంచనాతో మంజూరైన పని మరొక లెక్కతో ముగియడం మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల ప్రజలకు కొత్త కాదు. ఈ రెండు లెక్కల మధ్య తేడాను చివరకు ఎవరు భరిస్తున్నారన్నదే ప్రశ్న.

సికింద్రాబాద్ - మేడ్చల్ లోకల్ రైలునే తీసుకుంటే, ఎం.ఎం.టి.ఎస్. రెండవ దశ 2012-13లో మంజూరయింది. అంచనా వ్యయం సుమారు రూ. 816 కోట్లు. 2003లో ప్రారంభమైన మొదటి దశలో రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం చెరి సగం భరించగా, రెండవ దశలో రాష్ట్రం వాటా మూడింట రెండు వంతులకు పెరిగింది. ఉమ్మడి రాష్ట్రం ఒప్పుకున్న ఈ భారం 2014లో తెలంగాణకు సంక్రమించింది.

మేడ్చల్ మార్గం పొడవు 28 కి.మీ. బొల్లారం నుంచి మేడ్చల్ వరకు 14 కి.మీ. రెండవ లైను వేయడం, మార్గానికి విద్యుత్తు అమర్చడం ప్రధానమైన పనులు. కాని లోకల్ రైలు ఈ ఊరికి వచ్చింది 2023 ఏప్రిల్ 8న. సనత్‌నగర్ - మౌలాలి మార్గానికి రక్షణశాఖ భూమి అడ్డు తొలగి, అది 2024 మార్చి 5న ప్రారంభమయింది.

పెరిగిన భారం

రాష్ట్రం వాటా సొమ్ము సకాలంలో అందలేదన్నది రైల్వే ఫిర్యాదు. ఈలోగా సిమెంటు, ఇనుము, కూలి ధరలు ఆగలేదు. వ్యయం సుమారు రూ. 1,169 కోట్లకు చేరింది. అదనంగా పడిన రూ. 350 కోట్ల పైచిలుకులో ఒప్పందం ప్రకారం రాష్ట్రం వంతే దాదాపు రూ. 235 కోట్లు. వాయిదా వేసినందువల్ల ఖజానాకు మిగిలింది లేదు సరికదా, బాకీ పెరిగింది.

ఇక శామీర్‌పేట వంతు

శామీర్‌పేటకు రైలు లేదు. కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారే ఆధారం. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వరకు 18.10 కి.మీ. కారిడారుకు 2024 మార్చి 7న శంకుస్థాపన జరిగింది. అంచనా రూ. 2,232 కోట్లు. ఇక్కడా కంటోన్మెంటు భూములకు రక్షణశాఖ అనుమతికై ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. సేకరించవలసిన ప్రైవేటు స్థలాల సంగతి సరేసరి. భూమి చేతికి రాకముందే గడువు ప్రకటిస్తే ఏమవుతుందో మేడ్చల్ రైలు చెప్పనే చెప్పింది.

ప్రైవేటు నిర్మాణాలలో ఇల్లు ఆలస్యమైతే 2016 నాటి రెరా చట్టం కింద కొనుగోలుదారు వడ్డీ కోరవచ్చు. వసూలు చేసిన సొమ్ములో 70 శాతం ఆ నిర్మాణానికే వేరు ఖాతాలో ఉంచాలి. ప్రభుత్వ పనులకు ఇలాంటి కట్టడి లేదు. పదేళ్లు బస్సుల్లో నిలబడి ప్రయాణించినవారికి పరిహారం ఎవరూ ఇవ్వరు. కనీసం భూమి ఎంత చేతికి వచ్చింది, ఎవరి వాటా ఎంత జమ అయింది అన్న లెక్కను మూడు నెలలకొకసారి ప్రకటిస్తే, జాప్యం ఎక్కడ జరుగుతున్నదో ప్రజలకు ముందే తెలుస్తుంది.