హుకుంతో మొదలైన పుట్టుక

క్రిస్మస్ కార్డు మీద అంతా చల్లగానే ఉంటుంది. కొట్టంలో పసిబిడ్డ, పక్కన తల్లి, మోకరిల్లిన గొర్ల కాపరులు, పైన చుక్క. కానీ లూకా రాసిన కథ చుక్కతో మొదలు కాదు, సర్కారు హుకుంతో మొదలవుతుంది. రోములో కూర్చున్న అగస్టస్ చక్రవర్తి ఎవరి ఊరికి వాళ్లు పోయి పేర్లు రాయించుకోవాలన్నాడు. ఆ లెక్క జనం బాగు కోసమా? కాదు, శిస్తు కోసం. వడ్లపని చేసుకునే యోసేపు నిండు చూలాలిని వెంటబెట్టుకొని నజరేతు నుంచి బెత్లెహేముకు వంద కిలోమీటర్లకు పైగా పోయింది అందుకే.

క్రీ.శ. 6లో రోమన్ గవర్నరు కురేనియు జనాభా లెక్కలు మొదలుపెడితే గలిలయవాడైన యూదా తిరగబడ్డాడని జోసీఫస్ చరిత్ర చెబుతుంది. మత్తయి కథలోని హేరోదు రాజు క్రీ.పూ. 4లోనే చచ్చిపోయాడు, కాబట్టి ఈ తేదీలు కలవవని పండితులు తగువు పడతారు. పడనీ. ఒక పాలకుడు లెక్క రాయమంటాడు, ఇంకొకడు రెండేండ్ల లోపు మగపిల్లలను నరకమంటాడు. రాత్రికి రాత్రి బిడ్డనెత్తుకొని ఈజిప్టుకు పారిపోయిన వాళ్లను ఇవాళ ఏమంటాం? కాందిశీకులంటాం. చర్చిలో ఈ ముక్క చదువుతరు గానీ, కేకు కోసే యాళ్లకు ఎవరికీ యాదికుండదు.

ఆ బెత్లెహేము ఎక్కడికీ పోలేదు. ఇజ్రాయెల్ ఆక్రమణలోని వెస్ట్ బ్యాంకులో ఉంది. 2002లో ఏసు పుట్టిన చోట కట్టిన గుడిని ఇజ్రాయెల్ సైన్యం 39 రోజులు ముట్టడించింది. లోపల తుపాకులున్న పాలస్తీనీయులతో పాటు సన్యాసులు, సామాన్యులు చిక్కుకున్నారు. అదే ఏడు వెస్ట్ బ్యాంకులో గోడ కట్టుడు మొదలైంది. పాలస్తీనా నేల మీద ఆ గోడ చట్టవిరుద్ధమని 2004లో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. అయినా గోడ నిలబడే ఉంది.

2023లో గాజా మీద బాంబులు పడుతుంటే బెత్లెహేము క్రైస్తవులు పండుగ సంబురాలు ఆపుకున్నారు. అక్కడి లూథరన్ చర్చిలో గడ్డి తొట్టి లేదు. కూలిన ఇంటి రాళ్లు కుప్పపోసి, పాలస్తీనా రుమాలు చుట్టి బాలయేసును పడుకోబెట్టారు. గాజాలో చనిపోయిన పిల్లలు వేలల్లో ఉన్నప్పుడు వాళ్లకు వేరే బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? ఈజిప్టుకు పోయే పాత తొవ్వ గాజా మీదుగనే. 2024 మేలో సైన్యం రఫా గేటును పట్టుకున్నాక అదీ నెలల తరబడి మూతబడింది.

2025 డిసెంబరులో బెత్లెహేములో మళ్లీ చెట్టుకు దీపాలు పెట్టారు. మరియ, యోసేపులు పసిగుడ్డును ఎత్తుకొని యెరూషలేము గుడికి పోయారని లూకా రాశాడు. పది కిలోమీటర్లు కూడా లేని ఆ తొవ్వన పోవాలంటే ఇవాళ బెత్లెహేము తల్లి సైన్యం ఇచ్చే పర్మిట్ చూపించాలి.