సినిమా బడి లెక్క చెప్పదు, సర్కారు అడగదు

పుదుచ్చేరికి సినిమా కొత్త కాదు. 2011లో ఆంగ్ లీ తన 'లైఫ్ ఆఫ్ పై' చిత్రం కోసం ఆ ఊరి వీధుల్లో, 1826 నాటి వృక్షశాస్త్ర ఉద్యానవనంలో కెమెరా పెట్టాడు. తమిళ, తెలుగు, హిందీ చిత్రాలకు ఆ పసుపు గోడల ఫ్రెంచి వీధులు ఎప్పుడూ సిద్ధంగా ఉండే సెట్టింగు. తమిళ నాటకరంగ పితామహుడు శంకరదాస్ స్వామిగళ్ 1922లో కన్నుమూసింది అక్కడే. ఆయన పేరిట ఆ ప్రభుత్వం ఉత్తమ తమిళ చిత్రానికి పురస్కారం ఇస్తుంది. లొకేషన్ ఉంది, పురస్కారం ఉంది, చిత్రోత్సవం ఉంది. ఆ ఊరి పిల్లవాడు సినిమా పని నేర్చుకోవాలనుకుంటే మాత్రం ప్రభుత్వం చూపించగల చోటు లేదు.

కాలాపేటలో 1985లో పార్లమెంటు చట్టంతో వెలసిన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. అందులో ఎలక్ట్రానిక్ మీడియా విభాగం, రంగస్థల కళల విభాగం ఉన్నాయి. అరియాంకుప్పంలో రాష్ట్ర ప్రభుత్వ భారతియార్ పల్కలైకూడం సంగీతం, నృత్యం, చిత్రకళ నేర్పుతుంది. ఎవరి పని వారు చేస్తున్నారు. అయితే ఛాయాగ్రహణం, కూర్పు, శబ్దగ్రహణం, దర్శకత్వం వేటికవిగా ఏళ్ల తరబడి చేయి పట్టి నేర్పించే ప్రభుత్వ సంస్థ ఆ కేంద్రపాలిత ప్రాంతంలో లేదు. లాస్‌పేట కుర్రవాడు నూట యాభై కిలోమీటర్లు వెళ్లి చెన్నై తరమణి గడప తొక్కాలి. రాజధానికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే యానాం అమ్మాయి పరిస్థితి ఇంకా విచిత్రం. ఆమె పుదుచ్చేరి పౌరురాలు. సినిమా భాష తెలుగు. పరిశ్రమ హైదరాబాదులో. చదువు మాత్రం ఎక్కడా లేదు. పుణే, కోల్‌కతా సంస్థల స్థాయిలో ఒక ప్రభుత్వ చలనచిత్ర శిక్షణ సంస్థను ఇంత పెద్ద పరిశ్రమ ఉన్న రెండు తెలుగు రాష్ట్రాలూ కట్టుకోలేదు.

ఈ ఖాళీలోకి వచ్చేది చిన్న ప్రైవేటు సినిమా బడి. రెండు గదులు, ఒక కెమెరా, నాలుగు కంప్యూటర్లు, గోడ మీద ప్రముఖ దర్శకుల ఫొటోలు. చిన్నదైనంత మాత్రాన అది మోసం కాదు. నిజాయితీగా నడిచే చిన్న బడులు ఉన్నాయి, ఉండాలి కూడా. నా అభ్యంతరం వేరు. ఫీజు కట్టే కుటుంబం అడగవలసిన ప్రశ్నలు మూడు. మొత్తం ఖర్చు ఎంత? ఎందరు చేరారు, ఎందరు పూర్తి చేశారు? పూర్తి చేసినవారు ఈరోజు ఏం చేస్తున్నారు? ఈ మూడింటికి జవాబు చెప్పి తీరాలని ఈ దేశంలో ఏ చట్టమూ ఆ బడిని బలవంతపెట్టదు. ఈ మౌనంలో ప్రభుత్వానికి వాటా ఉంది.

నిబంధనలనే చూద్దాం. డిగ్రీ ఇచ్చే సంస్థ అయితే యుజిసి పరిధిలోకి వస్తుంది. విద్యార్థి మధ్యలో తప్పుకుంటే ఫీజు వాపసుకు అక్కడ ఒక విధానం ఉంది. ర్యాంకుల కోసం పోటీపడే విశ్వవిద్యాలయం ఎందరికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ వేతనం ఎంత అన్న లెక్క ఇవ్వాలి. సొంత సర్టిఫికెట్ ఇచ్చే అకాడమీకి ఇవేవీ వర్తించవు. పోనీ, కోచింగ్ కేంద్రాల నియంత్రణకు కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు తెచ్చింది కదా అంటారా? అందులో నిర్వచనం చదవండి. యాభై మందికి మించి విద్యార్థులు ఉంటేనే అది కోచింగ్. క్రీడలు, నృత్యం, నాటకం, ఇతర సృజనాత్మక కార్యకలాపాలు ఆ నిర్వచనంలోకే రావు. చిన్న సినిమా బడి రెండు తలుపుల గుండానూ బయటపడుతుంది: చిన్నది కనుక ఒకసారి, కళ కనుక మరొకసారి.

కానీ పన్ను విషయానికి వచ్చేసరికి ప్రభుత్వానికి ఈ బడి స్పష్టంగా కనిపిస్తుంది. చట్టం గుర్తించిన అర్హతకు దారితీసే చదువుకే జిఎస్‌టి మినహాయింపు. గుర్తింపు లేని కోర్సు ఫీజు మీద 18 శాతం పడుతుంది. అంటే అయిదు లక్షల ఫీజు కట్టే ఇంటి నుంచి మరో తొంభై వేలు ఖజానాకు పోతాయి. పన్ను వేసేటప్పుడు అది వ్యాపారం, రక్షణ అడిగేటప్పుడు అది కళ. పైగా గుర్తింపు లేని కోర్సుకు బ్యాంకులో విద్యారుణం సులభంగా దొరకదు. బంగారం తాకట్టు పెట్టిన తండ్రి ఆ తొంభై వేలకు కూడా వడ్డీ కడతాడు.

ఇక చేరికల సంఖ్య ఎందుకు అంత ముఖ్యమో చూడాలి. సినిమా బడి ఖర్చులో ఎక్కువ భాగం విద్యార్థుల సంఖ్యతో మారదు. ఎనిమిది మంది చేరినా ఇరవై మంది చేరినా కెమెరా అదే, ఎడిటింగ్ గది అదే, భవనం అద్దె అదే. ఇరవై సీట్లు లెక్కవేసుకున్న చోట ఎనిమిదే నిండితే యజమాని ముందు మూడు దారులుంటాయి. బయటి నుంచి వచ్చే అధ్యాపకులను తగ్గించడం ఒకటి, దర్శకత్వాన్నీ ఛాయాగ్రహణాన్నీ ఒకే తరగతిలో కూర్చోబెట్టడం మరొకటి, అర్హత చూడకుండా వచ్చినవారినల్లా చేర్చుకోవడం మూడోది. ఏ దారి పట్టినా నష్టపోయేది ముందే మొత్తం ఫీజు కట్టిన విద్యార్థి. కనుక ఫీజు కట్టేముందు గత మూడేళ్లలో ఎన్ని సీట్లు ఉంటే ఎన్ని నిండాయో తెలుసుకోవడం అతని హక్కు. వ్యాపార రహస్యమంటూ దీన్ని దాచడానికి వీల్లేదు.

ఫలితాల మాట చెప్పేటప్పుడు ఈ బడులు ఒక పాత విద్యను వాడతాయి. పోస్టరు మీద గెలిచిన ఒక్కడి ముఖం ఉంటుంది. ఆ ఏడు అతనితో చదివిన మిగతావారు లెక్కలో ఉండరు. ఈ విద్య ఎంత దూరం పోగలదో అమెరికాలో బయటపడింది. అక్కడి 'ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్స్' అనే లాభార్జన కళాశాలల గొలుసు 2023 సెప్టెంబరులో చివరి ప్రాంగణాలను హఠాత్తుగా మూసేసింది. 2024 మేలో ఆ దేశ ప్రభుత్వం దాని పూర్వ విద్యార్థులు 3,17,000 మందికి 610 కోట్ల డాలర్ల రుణం రద్దు చేసింది. కారణం? ఎనభై శాతానికి పైగా విద్యార్థులకు ఆరు నెలల్లో తమ రంగంలోనే ఉద్యోగమని ప్రచారం చేశారు. అసలు అంకె యాభై ఏడు శాతం లోపే. ఒక ప్రాంగణం సగటు జీతాన్ని పెంచి చూపడానికి టెన్నిస్ తార సెరెనా విలియమ్స్ ఆదాయాన్ని కూడా లెక్కలో కలిపిందని అక్కడి విద్యాశాఖే చెప్పింది. అక్కడ అబద్ధం పట్టుబడింది, ఎందుకంటే అంకె చెప్పవలసిన అవసరం ఉంది. మన దగ్గర అంకెే అడగరు, ఇక అబద్ధం పట్టుబడేదెక్కడ?

ప్రైవేటును తిట్టి ప్రభుత్వ సంస్థకు హారతి పడితే సరిపోదు. 1960లో ప్రభాత్ స్టూడియో ప్రాంగణంలో మొదలైన పుణే సంస్థ చరిత్ర మన ముందుంది. 2013లో 55,380 రూపాయలున్న వార్షిక ఫీజు 2020 బ్యాచ్‌కు 1,18,323 రూపాయలు అవుతోందని, ప్రవేశ పరీక్ష రుసుము పదివేలకు చేరిందని ఎత్తిచూపుతూ అక్కడి విద్యార్థులు 2019 డిసెంబరులో రిలే నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఏటా పది శాతం పెరిగే ఫీజు ఏడేళ్లకు దాదాపు రెట్టింపవుతుందని తెలుసుకోవడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కరలేదు. పరీక్ష రాయడానికే పదివేలు అడిగే సంస్థ పేదవాడి ప్రతిభను తిరస్కరించనవసరం లేదు; అతను దరఖాస్తే పెట్టడు. ఆ రెండు నెలలకే కాలాపేటలోనూ ఫీజుల పెంపు మీద విద్యార్థులు ఆందోళనకు దిగారు. 2020 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయ కులపతి హోదాలో ఉన్న ఉపరాష్ట్రపతి పర్యటన వేళ వారిని పోలీసులు ప్రాంగణంలో నుంచి తరలించారు. కులపతి మన తెలుగువాడే. ఫీజు ప్రశ్నకు ఆనాడు దొరికిన జవాబు పోలీసు వ్యాను.

కాలం కూడా ఖర్చే. 2015లో పుణే విద్యార్థులు అధ్యక్షుడి నియామకానికి వ్యతిరేకంగా 139 రోజులు సమ్మె చేసినప్పుడు బయటపడ్డ మరో సంగతి, 2008 బ్యాచ్ చిత్రాలు అప్పటికీ పూర్తి కాలేదని. మూడేళ్ల కోర్సు ఏడేళ్లు సాగితే ఆ నాలుగేళ్ల జీవితానికి బిల్లు ఎవరు కట్టాలి? అరుణాచల్ ప్రదేశ్‌లో మూడో జాతీయ సంస్థ అంటూ ఆర్భాటంగా ప్రకటించారు. తరగతులు మొదలైన 2025లోనే పూర్తికాని వసతులను నిరసిస్తూ తొలి బ్యాచ్ తరగతులను బహిష్కరించింది. కొట్టాయంలోని కె.ఆర్. నారాయణన్ సంస్థలో కులవివక్ష మీద, రిజర్వేషన్ సీటు ఉన్నా దళిత విద్యార్థికి ప్రవేశం ఇవ్వలేదన్న ఆరోపణ మీద విద్యార్థులు నెలన్నరకు పైగా పోరాడితే 2023 జనవరిలో డైరెక్టరు రాజీనామా చేశాడు. చేరికల లెక్కలో కులం, ప్రాంతం, స్త్రీ పురుష నిష్పత్తి కూడా ఎందుకుండాలో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అయినా ప్రభుత్వ సంస్థ ఎందుకు కావాలో కూడా అదే పుణే చెబుతుంది. 2024 కాన్ చిత్రోత్సవంలో విద్యార్థి చిత్రాల విభాగంలో మొదటి బహుమతి చిదానంద నాయక్‌కు వచ్చింది. అది పుణేలో ఏడాది కోర్సులో తీసిన చిత్రం. అదే ఉత్సవంలో గ్రాండ్ ప్రి గెలిచిన పాయల్ కపాడియా పుణే పూర్వ విద్యార్థిని. 2015 సమ్మెలో ఆమె మీద పెట్టిన కేసు ఆ బహుమతి నాటికి కూడా కోర్టులో నడుస్తూనే ఉంది. ప్రధానమంత్రి అభినందించారు, సంస్థ గర్వపడింది, కేసు మాత్రం ఉంది. 'బాహుబలి'కి కెమెరా పట్టిన సెంథిల్ కుమార్ కూడా పుణే బడిలో చదివినవాడే. మన పరిశ్రమ ఆ చదువు ఫలాన్ని అనుభవించింది, ఆ చదువుకు పైసా పెట్టలేదు.

"కళకు కొలత ఉండదు, ఫలితాల లెక్క అడిగితే బడి పెళ్లి వీడియోల కర్మాగారంగా మారుతుంది" అని కొందరు మిత్రులు వాదిస్తారు. ఆ భయంలో కొంత న్యాయం ఉంది. అయితే నేను అడుగుతున్నది సినిమా ఎంత గొప్పదని కాదు, మనుషులు ఎంతమంది అని. పుదుచ్చేరి వీధిపేర్లలో ఇంకా బతికి ఉన్న ఫ్రాన్స్‌నే చూడండి. పారిస్‌లోని లా ఫెమిస్ ప్రభుత్వ సంస్థ. ప్రధాన కోర్సులో ఏటా చేర్చుకునేది నలభై మంది చుట్టూ. అంత చిన్న బడికి అంత ఖర్చు ఎందుకని అక్కడ బడిని మూయలేదు. ఖర్చులో పెద్ద భాగాన్ని ప్రభుత్వం భరించింది. తన పరిధిలోని కళా విద్యాసంస్థల పట్టభద్రులకు ఉపాధి దొరికిందో లేదో అక్కడి సాంస్కృతిక శాఖ సర్వేలు చేయించి ప్రచురిస్తుంది. కళకు దానివల్ల ఏ హానీ జరగలేదు.

లెక్క అవసరం మన దగ్గరే ఎక్కువ. ఇక్కడ సినిమా పని అంటే చాలామందికి రోజుకూలీ. 2025 ఆగస్టులో ముప్పై శాతం వేతన పెంపు కోరుతూ తెలుగు చలనచిత్ర కార్మికులు రెండు వారాలకు పైగా షూటింగులు ఆపితే, చివరికి కుదిరిన ఒప్పందం విడతలవారీగా 22.5 శాతం. యూనియన్ కార్డు లేనివాడికి ఆ పెంపూ దక్కదు. లక్షలు పోసి చదివిన పిల్లవాడు అడుగుపెట్టేది ఈ బజారులోకి. ఆ సంగతి అతనికి ఫీజు కట్టేముందు తెలియాలా, కట్టిన తరువాత తెలియాలా?

చేయవలసింది కష్టమైన పని కాదు. సినిమా శిక్షణ పేరుతో ఫీజు వసూలు చేసే ప్రతి సంస్థా ప్రభుత్వమైనా, ప్రైవేటైనా ఏటా ఒక పుట ప్రకటించాలి: పన్ను, పరికరాలు, డిప్లొమా చిత్ర నిర్మాణం కలిపి మొత్తం ఖర్చు, ఉన్న సీట్లు, నిండినవి, గడువులో పూర్తి చేసినవారు, మధ్యలో మానినవారు, ఏడాదికీ అయిదేళ్లకూ ఆ రంగంలో సంపాదిస్తున్నవారు. పోస్టరు మీద ముఖం వేసుకోండి, దాని కింద ఆ తరగతి మొత్తం సంఖ్య వేయండి. విద్యాశాఖ నిర్వచనంలో సృజనాత్మక విద్యకు ఇచ్చిన మినహాయింపును ఫీజు పారదర్శకత మేరకు తొలగించాలి. ఈ వివరాలు ప్రకటించిన సంస్థల విద్యార్థులకు జిఎస్‌టి మినహాయించాలి.

పుదుచ్చేరి ప్రభుత్వం రేపే కొత్త భవనానికి శంకుస్థాపన చేయనవసరం లేదు. అరుణాచల్ అనుభవం చాలు. ఉన్న పల్కలైకూడంలో రెండు శాఖలతో, పదేసి సీట్లతో మొదలుపెట్టవచ్చు. అప్పటిదాకా చెన్నై, పుణే, కోల్‌కతాల్లో సీటు తెచ్చుకున్న తన పిల్లల పూర్తి ఫీజు కట్టవచ్చు. ఏటా వారి సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేటంతే. తన వీధుల్లో షూటింగుకు అనుమతి అడిగే ప్రతి నిర్మాణ సంస్థా ఇద్దరు స్థానిక శిక్షణార్థులను జీతం ఇచ్చి తీసుకోవాలని షరతు పెట్టవచ్చు. అందులో ఒకరు యానాం నుంచో, కారైకాల్ నుంచో, మాహే నుంచో ఉండాలి.

వీధిని అద్దెకిచ్చే ప్రభుత్వం ఆ వీధిలో పెరిగిన పిల్లవాడికి కెమెరా వెనుక చోటు చూపలేకపోతే, ఏటా ఇచ్చే పురస్కారం ఎవరి గౌరవం కోసం?