వంటింటి ఖాతాలో చేరని గంటలు

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు నాట్లు వేయకుండా వేల ఎకరాలు బీడు పెట్టారు. విత్తనం, ఎరువు, కూలి, కోత, ముంపు నష్టం అన్నీ వేసి చూసుకుంటే వరి గిట్టదని తేలింది. పంట విరామం ప్రకటించారు. ప్రభుత్వం కదిలి మోహన్ కందా కమిటీ వేసింది. ఆ ఉద్యమానికి బలం ఆ లెక్కే. అవే ఊళ్లలో, అవే ఇళ్లలో ఏడాదికి ఒక్క రోజు కూడా విరామం లేకుండా సాగే వంటపనికి మాత్రం ఇంతవరకు ఎవరూ ఖర్చు కట్టలేదు.

ఇంటి ఖర్చు తగ్గాలంటే బయటి తిండి మానండి, ఇంట్లోనే వండుకోండి, సులువైన వంటలు ఎంచుకోండి అని చెబుతుంటారు. సలహా మంచిదే. కానీ ఆ సులువు ఎవరికన్నది అడగరు. చేతిలో డబ్బు మిగిలినచోట ఎవరివో గంటలు ఖర్చయ్యి ఉంటాయి. కోనసీమలో ఆ గంటలు దాదాపు ఎప్పుడూ ఇంటి ఆడమనిషివే.

కోనసీమ వంట చవగ్గా ఉండడానికి కారణం దొడ్డి. కంద, బచ్చలి, అరటి, ములగ, పనస, నాలుగు కొబ్బరిచెట్లు ఉంటే వారంలో సగం రోజులు కూర కొనక్కర్లేదు. కానీ డబ్బు తక్కువ పట్టే కూరకే పని ఎక్కువ పడుతుంది. అరటిదూట ఊరికే దొరుకుతుంది. దాన్ని చక్రాలుగా తరుగుతూ వేలికి పీచు చుట్టి తీయాలి, సన్నగా కోసి నల్లబడకుండా మజ్జిగ నీళ్లలో వేయాలి. పనసపొట్టు కొట్టాలంటే చేతికీ కత్తికీ నూనె రాసుకుని, జిగురుతో కుస్తీపట్టి, కాయంతా సన్నగా దిగేదాకా కొడుతూనే ఉండాలి. కంద దురద సరేసరి. చిన్న చేపలు చవక, వాటిని ఒక్కొక్కటీ బాగుచేసేసరికి పొద్దెక్కిపోతుంది. కొబ్బరి పచ్చడీ పప్పుచారూ ఉన్నాయి కాబట్టి కొంత నయం. బజారులో కొట్టిన పనసపొట్టు అమ్ముతారు, చేపలు కొన్నచోటే డబ్బులిస్తే కోసి, తోమి ఇస్తారు. అలా తెచ్చుకున్న ఇల్లాలిని బద్ధకస్తురాలు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆమె చేసింది చక్కటి బేరం: కొంత డబ్బిచ్చి గంట సమయం కొనుక్కుంది.

పైగా ఆ దొడ్డి తరిగిపోతోంది. అన్నదమ్ముల వాటాల్లో చీలిపోయి, అందులో ఇళ్లు లేచాయి. సముద్రం వైపు ఊళ్లలో రొయ్యల చెరువులు తవ్వినచోట ఉప్పునీరు పక్క దొడ్లదాకా పాకింది. నిన్నటిదాకా కోసుకున్న తోటకూరను ఇవాళ బండి మీద కొనాలి. అమ్మమ్మ కాలంలో వంద రూపాయలు లేకపోయినా వంట గడిచేదని చెప్పి ఇప్పటి కోడళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. అమ్మమ్మకున్న దొడ్డి ఈమెకు లేదు.

డబ్బు వచ్చే తీరు కూడా నెలవారీ బడ్జెట్ పట్టికకు లొంగదు. కొబ్బరి సొమ్ము దింపుకోసారి వస్తుంది, అదీ ఆ రోజు అంబాజీపేట మార్కెట్ చెప్పిన ధరకు. వరి డబ్బు కోత తర్వాత వస్తుంది. కూలి డబ్బు పని ఉన్న రోజే. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే లంక గ్రామాల్లో పని ఆగుతుంది, కూరగాయల ధర పెరుగుతుంది. ఇన్ని రకాలుగా వచ్చే డబ్బును రోజూ ఒకేలా వేసే ఆకలికి సర్దేది ఇల్లాలే. కిరాణా కొట్లో అరువు ఎంతవరకు పెట్టవచ్చో, డ్వాక్రా వాయిదా ఏ రోజుకు కట్టాలో, ఏ వారం చికెన్ మానేయాలో ఆమెకు తెలుసు. 2024 నవంబరులో మొదలైన దీపం-2 ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమంది. పథకం మొదలైనప్పుడు ముందు డబ్బు కట్టి సిలిండరు తీసుకుంటే తర్వాత అది ఖాతాలో పడేది. ఆ ‘ముందు’ సర్దుబాటు కూడా ఆమెదే. నీళ్లు కాచడానికి దొడ్లో కొబ్బరి డొక్కలు, మట్టలు మండించి గ్యాస్ మిగిల్చేదీ, ఆ పొగ మింగేదీ ఆమే.

ఇదే పనికి సముద్రం అవతల జీతం ఉంది. రాజోలు వైపు ఊళ్ల నుంచి ఎందరో తల్లులు కువైట్, ఒమన్ వెళ్లి పరాయి ఇళ్లలో వండుతున్నారు. అక్కడ ఆ వంటకు దినార్లలో, రియాల్లలో ధర ఉంది. ఆ డబ్బుతోనే ఇక్కడ అప్పు తీరుతుంది, ఇంటికి స్లాబు పడుతుంది. ఇక్కడ ఆమె పిల్లలకు వండిపెట్టే మామ్మ శ్రమకు మాత్రం ఏ పద్దులోనూ చోటు లేదు. ఆ మామ్మ వంగలేక వంగి వండే రెండు పూటలే ఆ గల్ఫ్ సంపాదనకు ఆధారం. ఆమె మంచానపడితే తెలుస్తుంది ఆ పని విలువ.

సుప్రీంకోర్టు ఈ సంగతి ముందే గుర్తించింది. 2021 జనవరి 5న రోడ్డు ప్రమాద పరిహారం కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ గృహిణి శ్రమకు విలువ కట్టాల్సిందేనని ప్రత్యేకంగా రాశారు. 2011 జనగణనలో దాదాపు 16 కోట్ల మంది ఆడవాళ్లు ఇంటిపనే తమ ప్రధాన వృత్తి అని చెప్పారని, మగవాళ్లలో అలా చెప్పినవాళ్లు 58 లక్షల లోపేనని ఎత్తిచూపారు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలోనూ తేడా అలాగే ఉంది. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు చేస్తుంటే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు చేస్తున్నారు. అసలు చేయని మగవాళ్లు ఈ సగటులో లేరు. మనిషి చనిపోయాక పరిహారం కోసం కట్టే విలువను, బతికుండగా ఇంట్లో ఎందుకు కట్టం?

కర్రీ పాయింట్‌ను ఈ దృష్టితోనే చూడాలి. అమలాపురంలోనూ కొత్తపేటలోనూ సాయంత్రమైతే అక్కడ చేరే జనాన్ని చూసి వంట మరిచిపోయారని కొందరు నిట్టూరుస్తారు. ఇంట్లో కుక్కర్లో అన్నం పెట్టి, ఒక కూర, ఒక సాంబారు పొట్లం తెచ్చుకోవడం పనికి వెళ్లే ఆడమనిషికి దొరికిన మధ్యేమార్గం. దేశమంతటా ఇదే కథ. 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం పల్లె కుటుంబాలు తిండిగింజల మీద పెడుతున్నది ఖర్చులో 5 శాతమే, పానీయాలు, తయారుచేసిన తిండి మీద దాదాపు 10 శాతం. అందులో చిప్స్, కూల్‌డ్రింకుల దుబారా ఉంది, నేను కాదనను. కానీ అందులో అలసట ధర కూడా ఉంది. ఆ అలసట తగ్గించకుండా ఖర్చు తగ్గించమనడం కుదరని పని.

అలసట తగ్గేది మొదట తినేవాళ్ల దగ్గర. ఒకరికి చప్పిడి, ఒకరికి వేపుడు, పిల్లలకు ఇంకోటి అని ఒకే పూట మూడు వంటలు నడిచే ఇంట్లో ఎంత సులువైన వంటకమైనా సులువుగా ఉండదు. పప్పుచారు, ఒక పచ్చడి, కాల్చిన అప్పడం ఈ పూటకు చాలని అందరూ ఒప్పుకుంటేనే ఆమెకు గంట మిగులుతుంది. ఏం వండాలన్న ఆలోచన కూడా పనే. వారంలో మూడు రోజులు ఆ ఆలోచన, సరుకు తేవడం, గిన్నెలు తోమడం ఇంటి మగవాళ్లు తీసుకోవాలి. ఇది సాయం కాదు, వాటా.

అలసట తగ్గించే రెండో దారి ప్రభుత్వం చేతిలో ఉంది. లంకల గన్నవరంలో గోదావరి దాటే బాటసారులకు వేళ కాని వేళ వండిపెట్టిన డొక్కా సీతమ్మ (1841-1909) పేరు 2024లో బడి భోజనానికి పెట్టారు. తగిన పేరు. కానీ ఆ తల్లి త్యాగాన్ని తలుచుకుంటూ ఇప్పుడు వండేవాళ్ల కూలి మరచిపోకూడదు. బడిలో వండే ఆడవాళ్ల గౌరవ వేతనాన్ని 2019లో పెంచి నెలకు 3,000 చేశారు. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవలకు కట్టిన విలువ కూడా నెలకు 3,000 రూపాయలే. పద్దెనిమిదేళ్ల తర్వాత ప్రభుత్వం జీతంగా నిర్ణయించింది అదే అంకె.

తల్లులకు రోజులో అన్నిటికన్నా ఇరుకైన వేళ ఉదయం ఆరు నుంచి ఎనిమిది. తమిళనాడు 2022 సెప్టెంబరులో ప్రాథమిక బడుల్లో ఉదయపు అల్పాహారం మొదలుపెట్టి, మరుసటి ఏడాది ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ విస్తరించింది. సీతమ్మ పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య ఉన్న ఈ గోదావరి ఊళ్ల బడుల్లో అది ముందుగా మొదలుకావాలి. ఉప్మా, పొంగలి, ఇడ్లీ చాలు. వండే పని డ్వాక్రా సంఘాలకు ఇవ్వవచ్చు, అయితే ఇప్పుడున్న గౌరవ వేతనానికి కాదు. నెలకు 3,000 అంటే రోజుకు వంద. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. పొయ్యి దగ్గర నిలబడే ఆడమనిషికి కనీసం మట్టి తవ్వే మనిషితో సమానంగా ఇవ్వడానికి బడ్జెట్‌లో చోటు వెతకాలి.