నూటికి ఎందరు, ఏ నూటికి?

పాత విజయనగరం జిల్లాలో 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తొమ్మిదికి తొమ్మిది అసెంబ్లీ స్థానాలూ గెలిచింది. 2024లో అవే తొమ్మిదీ తెలుగుదేశం కూటమికి దక్కాయి. ‘జిల్లా అంతా మా వెంటే’ అన్న మాట రెండుసార్లూ విన్నాం, అన్న నోళ్లే మారాయి. రాష్ట్రం మొత్తం మీద 2019లో తెలుగుదేశానికి నూటికి ముప్ఫై తొమ్మిది ఓట్లు పడితే 23 సీట్లు వచ్చాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఇంచుమించు అన్నే ఓట్లు పడితే 11 వచ్చాయి. గెలిచినవారు సీట్లు లెక్కపెడతారు, ఓడినవారు ఓట్లు లెక్కపెడతారు. అయిదేళ్లు తిరిగేసరికి ఇద్దరూ లెక్కల పుస్తకాలు మార్చుకుంటారు!

మన జిల్లా గురించి సభల్లో తరచు వినపడే అంకె ఇంకొకటి ఉంది. 2011 జనగణన ప్రకారం ఇక్కడ వెయ్యి మంది మగవాళ్లకు 1019 మంది ఆడవాళ్లు. ఆడపిల్లను ఆదరించే నేల అని చప్పట్లు కొట్టిస్తారు. అదే జనగణనలో ఆరేళ్లలోపు పిల్లలను మాత్రం చూస్తే ఆడపిల్లలు వెయ్యికి చేరరు. మరి పెద్దవాళ్లలో మగవాళ్లు ఏమయ్యారు? ఆడవాళ్ల ఆయుష్షు కొంచెం ఎక్కువ, నిజమే. కానీ విశాఖ, హైదరాబాద్, చెన్నైలకు కూలిపనికి వెళ్లిన వాళ్లను కూడా ఈ లెక్కలో తలచుకోవాలి కదా. పైగా ఆ అంకె ఏ జిల్లాదో ఆ జిల్లాయే ఇప్పుడు లేదు. 2022లో పార్వతీపురం, సాలూరు, కురుపాం విడిపోయాయి, శ్రీకాకుళం నుంచి రాజాం వచ్చి కలిసింది. 1019 మాత్రం వేదికల మీద చెక్కుచెదరలేదు.

లెక్కను జాగ్రత్తగా పట్టుకున్న మనిషి ఈ విజయనగరంలోనే ఉండేవాడు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశారు. మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్లకు పట్టిక వేయించారని అందులో చెప్పారు. మొత్తం 1034, ఏడాదికి సగటున 344. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒక్కొక్కరి వెల మూడువందల యాభై నుంచి నాలుగు వందల రూపాయలు.

కూడి చూస్తే 188. అంటే సరిగ్గా పదకొండు పెళ్లిళ్లకు రెండు. గురజాడ ఆ భాగహారం జోలికి పోలేదు. మంచిపనే చేశారు. ‘పదకొండుకు రెండు’ అంటే తలూపి ఊరుకుంటాం, ‘ఏడాది పిల్లలు ముగ్గురు’ అన్నచోట చదువు ఆగిపోతుంది. అంతకన్నా నాకు నచ్చింది, పట్టిక సంపూర్ణం కాదని ఆయనే ఒప్పుకోవడం. డబ్బు పుచ్చుకున్నామని చెప్పడానికి జనం ఇష్టపడలేదట. అసలు సంఖ్య ఇంకా పెద్దదని పాఠకుడే ఊహించుకుంటాడు, రచయిత పెంచి చెప్పనక్కరలేదు. శుల్కం లేని పెళ్లిళ్లు ఎన్ని జరిగాయో ఆయన చెప్పిన లెక్కలో లేదు. కాబట్టి ‘నూటికి ఇన్ని పెళ్లిళ్లు అమ్మకాలే’ అనే వాక్యం అందులోంచి రాదు, ఆయన రాయనూ లేదు. సంస్కరణ కోసం కలం పట్టిన మనిషికి అలాంటి వాక్యం ఎంత పనికొచ్చేదో ఆలోచించండి.

ఇవాళ ‘నూటికి తొంభై మంది యువత పుస్తకం ముట్టడం లేదు’ అని రాసేవారికి అలాంటి సంకోచం లేదు. మా బల్ల మీదికి వచ్చే వ్యాసాల్లో ఈ తొంభై మంది తరచు కనిపిస్తూనే ఉంటారు. సాహిత్య సభకు పాతికమంది వస్తే, అందులో ఇద్దరు కుర్రాళ్లుంటే, దాంతో జిల్లా యువతరం మీద తీర్పు తయారు. సభ పెట్టింది పనిరోజు మధ్యాహ్నం అన్న సంగతి తీర్పులో ఉండదు.

వచ్చే సంచిక నుంచి ‘నూటికి తొంభై’ కనబడిన ప్రతి వ్యాసాన్నీ ‘ఎవరు లెక్కపెట్టారు, ఎక్కడ?’ అని అడిగి వెనక్కి పంపుతాం. కవితలకు మినహాయింపు.