దాతల ట్యాంకరు సరే... ఇంటి కుళాయి ఎప్పుడు?

వేసవి వచ్చిందంటే చాలు, కోయంబత్తూరు, మదురైల్లోని పాత తెలుగు పేటల్లో ప్లాస్టిక్ బిందెలు వరుస కడతాయి. నాయకరాజుల కాలం నుంచి అక్కడ పాతుకుపోయిన తెలుగువాళ్లలో అరుంధతీయులూ ఉన్నారు. చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆ నగరాల పారిశుద్ధ్య పనుల్లో తరతరాలుగా ఎక్కువగా ఉన్నది వీళ్లే. వీరిలో క్రైస్తవం తీసుకున్న కుటుంబాలకు నీళ్ల కటకట వస్తే మొదట గుర్తొచ్చేది చర్చి. ఫాదరో, పాస్టరో ఒక మాట చెబితే ట్యాంకరు వస్తుంది. ఎవరో దాత బోరు వేయిస్తారు. మంచిదే. మరి అది కుళాయికి బదులవుతుందా?

చర్చి వైపు చూడటం కొత్త కాదు. కోయంబత్తూరులో లండన్ మిషన్ 1830లో, మదురైలో అమెరికన్ మిషన్ 1834లో అడుగుపెట్టాయి. ఊరిబావి దగ్గరికి రానివ్వని రోజులవి. అలాంటప్పుడు మిషన్ ఆవరణలో బావి అంటే దాహం తీరడమే కాదు, మర్యాద దక్కడం కూడా.

నీళ్లు ఊరికొచ్చినా...

కోయంబత్తూరుకు సిరువాణి, పిల్లూరు నీళ్లే ప్రధాన ఆధారం. సిరువాణి డ్యాం ఉన్నది కేరళలోని పాలక్కాడు జిల్లాలో. మదురైకి 1959లో కట్టిన వైగై డ్యాం దిక్కు. ఆ డ్యాం నిండాలంటే ముల్లపెరియార్ నీళ్లు రావాలి. అంటే రెండు నగరాలూ పక్క రాష్ట్రం కొండల మీద కురిసే వానను నమ్ముకున్నవే. 2016లో తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వాన 62 శాతం తక్కువ పడింది. మరుసటి వేసవిలో జనం పడ్డ పాట్లు అందరికీ గుర్తే.

ఆ తర్వాత పెద్ద పథకాలే వచ్చాయి. 24 గంటల సరఫరా కోసం కోయంబత్తూరు కార్పొరేషన్ 2018లో సూయెజ్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. మదురైకి లోయర్ క్యాంప్ నుంచి రోజుకు 12.5 కోట్ల లీటర్లు తెచ్చే పథకం చేపట్టారు. కానీ మెయిన్ రోడ్డు మీద పైపు పడినంత మాత్రాన సందులో కుళాయి రాదు. డిపాజిట్ కట్టాలి, ఇంటి కాగితాలు చూపాలి. పట్టా లేని ఇంటివాళ్లు ఏం చూపిస్తారు?

మతం మారితే లెక్క మారుతుంది

కుళాయి ఇవ్వడానికి కులం, మతం అడగరు, నిజమే. అయితే ఎస్సీ జనాభా లెక్కన నిధులొచ్చే పథకాల సంగతి వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులు ఎస్సీల కిందికి రారు. ఆ ఉత్తర్వులోకి సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. తమిళనాడులో దళిత క్రైస్తవులు బీసీలు. ఒకే వీధి, ఒకే కులం, ఒకే పని. చర్చికి వెళ్లే ఇల్లు మాత్రం ఆ లెక్కలో ఉండదు. ఈ వ్యవహారం తేల్చమని కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. హోదా ఇవ్వాలని తమిళనాడు శాసనసభ 2023 ఏప్రిల్‌లో తీర్మానం చేసింది.

ఇటు దాతల దారీ ఇరుకైంది. 2020 చట్ట సవరణతో, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. పెద్ద సంస్థ చేతి నుంచి చిన్న సంఘానికి సొమ్ము అందే మార్గం అలా మూసుకుపోయింది. 2024లో వరల్డ్ విజన్ ఇండియా, కాసా వంటి సంస్థల విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి. నిబంధనలు ఉల్లంఘించారన్నది కేంద్రం మాట. కారణం ఏదైనా, ఇక స్థానిక దాతల రూపాయే దిక్కు. కాబట్టి దాన్ని ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి.

ట్యాంకరు లెక్క ఇదీ

మనిషికి రోజుకు 55 లీటర్లన్నది పల్లెలకు జలజీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క. నగరాలకైతే 135. తక్కువ లెక్కే తీసుకున్నా, ఇంటికి ఐదుగురు చొప్పున 40 ఇళ్లకు రోజుకు 11 వేల లీటర్లు కావాలి. పెద్ద ట్యాంకరు ఒకటి ఒక్కరోజులో అయిపోతుంది. బోరైతే నీటిమట్టం పడిపోయిన ఏడు ఎండుతుంది. మోటారు కాలితే బాగుచేయించేదెవరు, కరెంటు బిల్లు కట్టేదెవరు అన్న తగువు మిగులుతుంది.

అదే డబ్బుతో పేద ఇళ్లకు కుళాయి డిపాజిట్ కట్టొచ్చు. కాగితాలు సిద్ధం చేయించి, వీధంతా కలిసి కార్పొరేషన్‌కు అర్జీ పెట్టించొచ్చు. చర్చి కప్పు మీది వాన నీటినీ పట్టొచ్చు. ఇంకుడు ఏర్పాటును తమిళనాడు 2003లోనే తప్పనిసరి చేసింది. 200 చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 4 వేల లీటర్లు. అయిదో వంతు పోయినా 3,200 లీటర్లు. 20 లీటర్ల బిందెలు 160 నిండుతాయి.

ఇంకో మాట. చర్చి పేరుతో వచ్చే నీళ్లు పక్కింటి హిందువుకూ, ముస్లింకూ అందాలి. లేకపోతే పాత ఊరిబావి గొడవే కొత్త రూపంలో వస్తుంది. బావి దగ్గర సమరయ స్త్రీని ఏసు నీళ్లడిగిన కథ తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

ఈ వేసవికి ట్యాంకరు పంపండి, కాదనేవారు లేరు. దాంతోపాటే ఆ వీధి కుళాయి అర్జీ ఏమైందో కూడా కనుక్కోండి. వచ్చే వేసవికి మీ ట్యాంకరుతో వాళ్లకు పని పడకపోతే, అప్పుడు మీ సాయం ఫలించినట్టు.