బండి ముందా, బంకు ముందా?

హైడ్రోజనుకు మనవాళ్ళు ‘ఉదజని’ అని పేరు పెట్టారు. నీటికి జన్మనిచ్చేదన్నమాట. పేరులోనే మర్మమంతా వుంది. ఉదజని, గాలిలోని ప్రాణవాయువు కలిస్తే నీరవుతుంది. అలా కలిసేటప్పుడు మంట లేకుండానే విద్యుత్తు రాబట్టవచ్చునని 1839లోనే విలియం గ్రోవ్ కనిపెట్టాడు. ఆయన వృత్తికి ప్లీడరు, తర్వాత జడ్జీ కూడా అయ్యాడు. ఆయన వేసిన యీ దావా మాత్రం నూట ఎనభై యేళ్ళు దాటినా ఇంకా వాయిదాల మీదే నడుస్తున్నది!

1966లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారు ఒక వ్యానుకు యీ సరంజామా బిగించారు. టాంకులూ, గొట్టాలూ వ్యానంతా ఆక్రమించుకోగా, ఇద్దరు మనుషులకు మాత్రం చోటు మిగిలింది. 2014 డిసెంబరులో జపానులో టయోటా వారు ‘మిరాయ్’ కారును అమ్మకానికి పెట్టారు. మిరాయ్ అంటే వాళ్ళ భాషలో భవిష్యత్తు. మన చుట్టూ వున్న గాలి ఒత్తిడికి 700 రెట్లు ఒత్తిడితో ఉదజనిని టాంకులో కూరుతారు. అయిదు నిమిషాల పని. వెనక గొట్టంలోంచి పొగ రాదు, నీళ్ళొస్తాయి. 2022 మార్చిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీగారు ఆ కారులోనే పార్లమెంటుకు వెళ్ళారు.

ఇంత సుగుణాల రాశి మరి వీధుల్లో కనపడదేం అంటారా? కార్లు లేవని బంకులు పెట్టరు. బంకులు లేవని కార్లు కొనరు. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు! కాలిఫోర్నియాలో షెల్ కంపెనీవారు 2024లో కార్లకు ఉదజని పోసే తమ బంకులు మూసేశారు. నమ్మి కారు కొన్నవాడు ఏ నూతిలో దూకాలి? ఇంటి చుట్టూ నీళ్ళున్నా, కారుకు కావలసిన ఉదజని వాటిలోంచి తనంతట తాను వూడిపడదు గదా!

అసలు చిక్కు మరొకటుంది. లోకంలో తయారయ్యే ఉదజనిలో అధికభాగం సహజవాయువు నుంచీ, బొగ్గు నుంచీ తీసిందే. అంటే కారు వదలని పొగ ఫ్యాక్టరీ వదులుతుంది. పోనీ, కరెంటుతో నీటిని విడగొడదామా? ఆ ఉదజనిని కుదించి, మోసుకొచ్చి, కారులో మళ్ళీ కరెంటు చేసేసరికి చక్రానికి దక్కేది సుమారు మూడోవంతు. అదే కరెంటును బ్యాటరీలో నింపితే మూడువంతులకు పైగా దక్కుతుంది, నాలుగో వంతే పోతుంది.

2023 జనవరిలో మన ప్రభుత్వం హరిత ఉదజని పథకానికి 19,744 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మంచిదే. ఎరువుల ఫ్యాక్టరీలకు ఉదజని ఎటూ తప్పదు, ఉక్కుకూ పనికివస్తుంది. రైతు చల్లే యూరియా ముందు శుభ్రపడనివ్వండి. షోకు కారు సంగతి తర్వాత చూద్దాం. ఏమంటారు?